గరగరా? బరబరా?

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన మర్నాటి నుంచీ మా కారు కుడికి తిప్పితే చాలు, చప్పుడు చేయడం మొదలుపెట్టింది. తిన్నగా పోతే నోరెత్తదు. ఎడమకి తిప్పితే పల్లెత్తు మాట అనదు. పటమట సందులోంచి బందరు రోడ్డు మీదకి కుడికి తిరిగామా, ముందు చక్రాల దగ్గర్నుంచి ఒకటే గరగర.

"గరగర కాదండీ, బరబర" అంది మా ఆవిడ.

గొంతులో కఫం ఉంటే వచ్చేది గరగర, బల్లని గచ్చు మీద ఈడిస్తే వచ్చేది బరబర అని ఆవిడ వాదన. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంటి స్థలం దగ్గర కూడా ఇంత పట్టుదలగా పోట్లాడుకోలేదు మేము. వెనక సీట్లోంచి మా అమ్మ, "రెండూ కాదర్రా, అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టుంది" అంది. ఎనభై ఏళ్ల మనిషి, పైగా ఒక చెవి అంతంతమాత్రం. ఆ మాట మేమెవరం పట్టించుకోలేదు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు ట్యాబ్ తీసి "కంప్లయింట్ ఏంటి సార్?" అన్నాడు. చప్పుడన్నాను. ఎలాంటి చప్పుడన్నాడు. నేను గొంతు సవరించుకుని, ఏసీ హాల్లో పదిమంది చూస్తుండగా, నా శక్తికొద్దీ చేసి చూపించాను. కుర్రాడు కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

తర్వాత టెస్ట్ డ్రైవ్. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు వెనక బెంచీ పిల్లాడు ఎలా ఉంటాడో అలా ఉంది మా కారు. అరగంట తిప్పినా కిక్కురుమనలేదు. అయినా ఎస్టిమేట్ మాత్రం వచ్చింది: రెండు వీల్ బేరింగులు, రెండు యాక్సిళ్లు, లేబరు, జీఎస్టీ, కలిపి 28,600 రూపాయలు. అసలు జబ్బేమిటయ్యా అంటే, "అన్నీ మార్చేస్తే ఎందులో ఉన్నా పోతుంది కదా సార్" అన్నాడు. ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. డబ్బు కూడా లేదు.

ఆ రాత్రి డాలస్ నుంచి మా బావమరిది వీడియో కాల్ చేశాడు. విషయం వినీ వినగానే "జెప్పా బావా, జెప్పా!" అని అరిచాడు.

"ఏం చెప్పావురా? ఇప్పుడేగా ఫోను చేశావు?"

జెప్పా అనేది ఒక పెద్దమనిషి పేరట. 1920ల్లో ఫోర్డ్ కంపెనీలో ఇంజినీరు. చక్రం ఎటు తిరిగినా ఇరుసు తిరుగుడు ఆగకుండా ఉండే జాయింటు కనిపెట్టాడు. అందులో ఆరు ఉక్కు గోళీలు ఉంటాయి. మన అంబాసిడర్‌ని వెనక చక్రాలు తోసేవి కాబట్టి ముందు చక్రాలకి ఆ అవసరం రాలేదు. 1983లో మారుతీ 800 వచ్చి, ముందు చక్రాలు బండిని లాగడం మొదలుపెట్టాక, ఆ గోళీలు ఇంటింటి వ్యవహారం అయిపోయాయి. పైన ఉండే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికీ, దుమ్ము లోపలికీ వెళ్లి గోళీలు అరుగుతాయి. మలుపు తిరిగినప్పుడల్లా టకటకమంటాయి. ఇంత చెప్పి, "నీకు టకటకమంటోందా బావా?" అన్నాడు. కాదన్నాను. కాసేపాలోచించి, "అయితే వేరే ఏదో" అని పిల్లాడిని స్కూల్లో దింపడానికి వెళ్లిపోయాడు.

చివరికి ఆటోనగర్. లారీ బాడీలు కట్టే సుత్తుల మోతలో మనం అరిచినా మనకే వినపడని చోట ఒక రేకుల షెడ్డు, అందులో ఒక మేస్త్రి. హాస్పిటల్ చెకప్పు దారిలోనే కదా అని అమ్మనీ, మా ఆవిడనీ కూడా ఎక్కించుకుని వెళ్లాను. నేను గొంతు సవరించుకుంటుంటే మేస్త్రి చెయ్యెత్తి ఆపేశాడు.

"మీరు చెయ్యొద్దు సార్. నేను అడిగినదానికి చెప్పండి. టకటకంటే యాక్సిలు. స్పీడు పెరిగేకొద్దీ గుయ్యిమని పెరిగితే బేరింగు. గీరుకున్నట్టుంటే బ్రేకు దగ్గర చూడాలి. వీటిల్లో ఏది?"

"గరగర" అన్నాను. "బరబర" అంది మా ఆవిడ.

"అన్నంలో రాయి నాయనా" అంది అమ్మ.

మేస్త్రి ఇంకేం అడగలేదు. నేరుగా ఎడమ చక్రం దగ్గర జాకీ పెట్టించాడు. చప్పుడు కుడికి తిప్పితే కదయ్యా అన్నాను. "కుడికి తిప్పితే బరువంతా ఎడం చక్రం మీదే పడుద్ది సార్. బస్సు కుడికి తిరిగితే మీరెటు ఒరుగుతారు?" అన్నాడు. ఇన్నాళ్లూ నేను కుడివైపు అద్దం దించి, తల బయటపెట్టి మరీ విన్నాను.

చక్రం ఊడదీశాడు. బ్రేకు డిస్కు వెనకవైపు, రికార్డు మీద ముల్లు గీసినట్టు గుండ్రంగా తళతళలాడే గీత. డిస్కు వెనకే మట్టి పడకుండా పల్చటి రేకు ఒకటి ఉంటుంది. స్క్రూడ్రైవరు దూర్చి దాన్ని కాస్త అవతలికి వంచేసరికి, శనగగింజంత కంకర రాయి టప్పున కింద పడింది. చక్రం మలుపులో వెంట్రుకవాసి ఒరిగినప్పుడల్లా రాయి డిస్కుకి తగిలేదన్నమాట. మా ఊరి రోడ్డు మీద చిప్స్ పరిచి, రోలరు కోసం ఎదురుచూస్తూ వదిలేశారు. దాని చలవే ఇది.

మేస్త్రి ఊరుకోలేదు. చక్రం మళ్లీ బిగించాక పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు, బేరింగు గట్టిగానే ఉంది. బూటు చుట్టూ వేలితో తడిమాడు, గ్రీజు అంటలేదు. 200 తీసుకున్నాడు. పక్కనే కొత్త బేరింగుల డబ్బాలు గుట్టలుగా ఉన్నా ఒక్కదాని వంకా చూడలేదు. నాకు మాత్రం దండం పెట్టాలనిపించింది.

అమ్మ ఆ రాయిని అరచేతిలో వేసుకుని, కళ్లజోడు పైకి నెట్టి చూసి, "మన ఊరిదే" అంది. మా ఆవిడ దారిపొడుగునా మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర మాత్రం, "రాయి ఈడ్చుకుంటే బరబరే కదా వచ్చేది" అంది.

మీ కారుకి ఇలాంటిదేమైనా వస్తే, స్టీరింగు ఎటు తిప్పితే వస్తోంది, స్పీడుతో పెరుగుతోందా, బ్రేకు తొక్కితే మారుతోందా, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. గొంతుతో మాత్రం చేసి చూపించకండి. మంచినీళ్లిస్తారు.