మలేనియా ఎవర్రా?

మా మేనల్లుడి పాడ్‌కాస్టు ఒక్కో భాగం మూడు గంటల పైచిలుకు ఉంటుంది. మొదటి పది నిమిషాలూ "నా వాయిస్ వస్తోందా?" అన్న చర్చకే సరిపోతాయి. వస్తోంది నాయనా అని మనం ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా లాభం లేదు, అది రికార్డింగు. ఆ తర్వాత ముగ్గురూ ఒకరినొకరు "ఈ వారం ఎలా గడిచింది?" అని అడుగుతారు. ముగ్గురిదీ ఒకటే కాలేజీ, ఒకటే క్యాంటీను, సాయంత్రం ఒకటే టీ కొట్టు. ఒకరి వారం ఇంకొకరికి తెలియకుండా గడిచే వీలే లేదు. అయినా అడుగుతారు, చెబుతారు, విని ఆశ్చర్యపోతారు కూడా.

వీడియో గేముల గురించి వాళ్లు మాట్లాడుకుంటూ ఉంటే లోకం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. అదీ ఏర్పాటు. లోకం ప్రస్తుతానికి వాళ్ల సెక్షను దాటి రాలేదు. "మావయ్యా, నువ్వు రేడియో కాలం మనిషివి కదా, కాస్త విని ఎక్కడ తేడా కొడుతోందో చెప్పవా" అన్నాడు. వాడి లెక్కలో రేడియో కాలమంటే రాతియుగం అయిపోయాక, కేబుల్ టీవీ రాకముందు.

వాళ్ల అనుమానమంతా మైకు మీద. అందుకని బెజవాడలో మా అక్కావాళ్లింట్లో వెనక గదిని స్టూడియో చేశారు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. కొట్టువాణ్ణి బతిమాలి తెచ్చి, ఫెవికాల్‌తో అంటించారు. అవి శబ్దాన్ని మింగేస్తాయని ఎవరో చెప్పారట. గుడ్ల అట్టకి గుడ్డుని కాపాడటం ఒక్కటే వచ్చు. పక్కింటి కుక్కరు విజిళ్లు, నీళ్ల మిషను గుడగుడ, పాత సామాన్ల బండివాడి కేక, అన్నీ వీళ్ల గొంతులకంటే స్పష్టంగా పడ్డాయి. గొంతు గోడకి తగిలి గింగురుమనకుండా ఉండాలంటే మందపాటి గుడ్డలుండాలి: పరుపు, బొంత, రగ్గు. ఆ మాట నేనన్నానో లేదో, మా అక్క బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, పట్టుచీరల్లోకి తలలు దూర్చి మాట్లాడటం మొదలెట్టారు. నిజం చెప్పొద్దూ, గొంతు అద్భుతంగా పలికింది. బయటికొచ్చాక ముగ్గురి దగ్గరా రెండ్రోజుల పాటు కలరా ఉండల వాసన.

ఫ్యాను మాత్రం ఆపక తప్పదు, దాని రొద మైకు వదిలిపెట్టదు. మే నెల, బెజవాడ, మూసిన తలుపులు, ఫ్యాను లేదు. మూడు గంటల కార్యక్రమం ఇరవై అయిదు నిమిషాల్లో ముగిసింది. "ఈ వారం ఎలా గడిచింది" ఎగిరిపోయింది. గత భాగంలో ఏం మాట్లాడుకున్నామో గుర్తుచేసుకునే ఘట్టం ఎగిరిపోయింది. ఏది తీసెయ్యాలో నేను చెప్పనే అక్కర్లేకపోయింది. ఎడిటింగ్‌కి బెజవాడ ఎండని మించిన సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు.

పొట్టిదైంది గానీ బాగుపడలేదు. "బాస్ ఇలా వచ్చాడు, నేను ఇలా రోల్ కొట్టి ఇట్నుంచి ఇటు వెళ్లా, వాడు అలా వేశాడు, ఇంక చూడూ..." ఏం చూడమంటావురా? రెండు చేతులూ గాల్లో తిప్పుతున్నావని పక్కనున్న నాకు తెలుసు, బస్సులో వినేవాడికి ఎలా తెలుస్తుంది?

కంటికి కనిపించేదాన్ని చెవికి చెప్పడం మనకేం కొత్త కాదు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. సినిమా మొత్తాన్ని గంటకి కుదించి, శబ్దం మాత్రం వేసేవారు. ఫైటింగు వచ్చిందంటే మనకి వినపడేది ఒక ఢిషుం, ఒక కుర్చీ విరగడం, మళ్లీ ఢిషుం. ఎవడు ఎవణ్ణి కొట్టాడో తెలిసే దారి లేదు. అయినా కొట్టింది రామారావేనని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండేవాళ్లం. ఎందుకంటే ఆ విలను ఎంత దుర్మార్గుడో ఫైటింగుకి ముందే మన బుర్రకి ఎక్కించేవారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే కుర్చీ ఎవరి నెత్తిన విరిగిందో చెవే చూసుకుంటుంది. వీళ్లు ఎల్డెన్ రింగ్ అనే ఆట గురించి అంతసేపూ ఊపిరాడకుండా మాట్లాడి, ఆ బాస్ మీద మనకెందుకు మండాలో ఒక్క ముక్క చెప్పలేదు.

వేళాపాళా సంగతి సరేసరి. పొద్దున్న 6:55కి సంస్కృత వార్తలు వచ్చేవి, అయిదంటే అయిదు నిమిషాలు. "సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానంద సాగరః." మా ఇంట్లో ఒక్కరికీ సంస్కృతం రాదు. కానీ ఆ వాక్యం వినపడగానే నాన్న స్నానానికి లేచేవారు, అమ్మ రెండో పొయ్యి వెలిగించేది, నేను చెయ్యని హోంవర్కు కోసం పుస్తకం వెతుక్కునేవాణ్ణి. ఒక్క వార్తా అర్థం కాకుండా అన్నేళ్లు విన్నాం. మా వాడి పాడ్‌కాస్టు ఒకసారి మంగళవారం వస్తుంది, ఇంకోసారి సెమిస్టరు పరీక్షలయ్యాక వస్తుంది. "కంటెంట్ ఉంటే ఎప్పుడొచ్చినా వింటారు మావయ్యా" అంటాడు. జీటీఏ అనే ఆట చేసేవాళ్లకి చెల్లుతుంది అది. అయిదో భాగం వచ్చింది 2013 సెప్టెంబరులో, అంటే తెలంగాణ రాష్ట్రం కంటే అది వయసులో పెద్దది. ఆరోదాని ట్రైలరు 2023 డిసెంబరులో వదిలి, ఆటని వాయిదా మీద వాయిదా వేసినా జనం అక్కణ్ణుంచి కదల్లేదు. వీడి కోసం ఆగడానికి వీడి క్లాసువాళ్లే సిద్ధంగా లేరు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు, పైగా ముగ్గురికీ అన్నీ తెలుసు. ముగ్గురితో కథ నడిపించడం ఎలాగో మన బుర్రకథ వాళ్లు ఎప్పుడో తేల్చేశారు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. అక్కడ బొబ్బిలి కోట కూలుతున్నా సరే, రాజకీయం వంత సందు చూసి బియ్యం ధర ఎత్తగలడు. ఈ విద్యతోనే గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్ ఊళ్లకి ఊళ్లని తెల్లవార్లూ కూర్చోబెట్టాడు, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. అందులో కీలకమంతా "ఆహా, అలాగా, తర్వాతేమైంది?" అనే వంత దగ్గర ఉంది. కథ తెలియక అడగడు, మనకి తెలియదని అడుగుతాడు.

ఇదంతా విని మేనల్లుడు "సరే, నేను కథకుణ్ణి" అన్నాడు, తంబురా లేకుండానే. రాజకీయం ముగ్గురిలో ఉన్న ఒక్క అమ్మాయికిచ్చాం. 2020 సెప్టెంబరులో పబ్జీ ఆటని ప్రభుత్వం ఆపెయ్యడం, మరుసటేడు అది బీజీఎంఐ అని పేరు మార్చుకు రావడం, 2022లో మళ్లీ మాయమవడం, 2023లో తిరిగి తేలడం, ఇదంతా ఆ పిల్ల చెబుతుంటే పార్టీ ఫిరాయింపుల కథ విన్నంత రంజుగా ఉంది. హాస్యం మూడోవాడిది. తన జోకుకి తనే ముందు నవ్వి, మనవంతు వచ్చేసరికి అలిసిపోతాడు. "తర్వాతేమైంది?" అని అడిగే మనిషి మాత్రం దొరకలేదు. వాళ్లలో ఎవర్ని అడగమన్నా నామోషీ.

ఆ లోటు మా అక్క తీర్చింది, ఎవరూ పిలవకుండానే. రికార్డింగు జరుగుతుండగా పేరంటానికి చీర తీసుకుందామని బీరువా దగ్గరికొచ్చింది. వాడు సరిగ్గా అప్పుడే "ఈ మలేనియా నా ప్రాణాలు తోడేస్తోందిరా, రాత్రంతా నిద్ర లేదు" అంటున్నాడు.

"మలేనియా ఎవర్రా?" అంది అక్క. చేతిలో చీర కూడా కదల్లేదు.

"గేములో బాస్ అమ్మా."

"ఏం చేస్తుంది?"

"కత్తితో కొడుతుంది. కొట్టినప్పుడల్లా మన ప్రాణం తగ్గుతుంది, తన ప్రాణం పెరుగుతుంది."

అక్క కాస్త ఆలోచించింది. "అచ్చం మీ మేనత్తే" అంది.

2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పట్నుంచీ ఎంతమంది ఎన్ని గంటలు మాట్లాడారో గానీ, మలేనియాని ఇంత సూటిగా చెప్పినవాళ్లని నేను వినలేదు. ఆ ముక్క తీసెయ్యమని మేనల్లుడు, ఉంచమని మిగతా ఇద్దరూ. ఉంచారు.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నారు: ప్రతి భాగంలోనూ అక్కకి అర్థమయ్యేలా ఒక కథ చెప్పాలి. మొదటిది నా కోరిక మీద, వీడియో గేములో మీటలు నొక్కే ఒక మంత్రం గురించి. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ ఏ. చిన్నప్పుడు నాకు పదమూడో ఎక్కం రాదు గానీ ఇది నిద్రలో లేపినా వచ్చు, కాంట్రా అనే ఆటలో ముప్ఫై ప్రాణాలిచ్చేది మరి. ఈ మంత్రం పెట్టింది కోనామీ కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోతో. 1986లో గ్రాడియస్ అనే ఆటని ఇంట్లో ఆడుకునే మిషనుకి మారుస్తూ, సరిగ్గా వచ్చిందో లేదో ఆడి చూద్దామంటే ఆయన వల్ల కాలేదు, అంత కష్టం. అందుకని తన మట్టుకు ఒక దొంగదారి పెట్టుకున్నాడు. ఆట బజారుకి వెళ్లాక కూడా ఆ దారి అలాగే ఉండిపోయింది.

"కంపెనీవాళ్లు ఏమన్లేదా?" అంది అక్క.

"లేదమ్మా, ఆ కోడ్‌నే మిగతా ఆటల్లోనూ పెట్టారు."

"ఆఁ. జీతం పెంచారా మరి?"

ముగ్గురూ ఫోన్లు తీసి వెతికారు. ఎక్కడా దొరకలేదు. ఆ వెతుకులాట కూడా ఎపిసోడ్లో ఉంది, అదే బాగుందట.

ఏ నిమిషానికి ఎంతమంది మిగిలారో యాప్‌లో గీత గీసి చూపిస్తారు. ఇదివరకు ఆ గీత పరిచయాల దగ్గరే నేలకి దిగేది. మేనత్త మాటున్న భాగంలో మాత్రం చివరిదాకా నిలబడింది. అలా నిలబెట్టినవాళ్లలో ఒకరెవరో నాలుగో రోజు తెలిసింది. మా బావగారి చెల్లెలు ఫోను చేసింది.

"మొత్తం విన్నాను వదినా" అంది. "రెండుసార్లు విన్నాను. ఆ మలేనియా బొమ్మ ఒకసారి పంపించమను వాణ్ణి, చూస్తాను."

ఫోను స్పీకర్లో ఉంది. మేనల్లుడి మొహంలో భయం పోయి మెల్లగా ఆశ పుట్టడం నేను చూశాను. "అమ్మా, అత్తని కూడా ఓ ఎపిసోడుకి పిలుద్దామా?" అన్నాడు గుసగుసగా.

అక్క ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "పిలువు. ఫ్యాను మాత్రం వెయ్యకు."