ఏడో తరగతికే లక్ష్యశుద్ధి: తిరుగులేని చిట్కాలు

పిల్లలకు లక్ష్యం పెట్టుకోవడం నేర్పాలంటే ముందు ఆ లక్ష్యమేదో మీరే పెట్టేయండి. ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లల్ని పట్టుకుని "నీకేం నేర్చుకోవాలనుందిరా?" అని అడిగితే ఏం చెబుతారో తెలియనిది కాదు. ఒకడు పాముల్ని పట్టడం నేర్చుకుంటానంటాడు. ఇంకొకత్తె మిక్సీ విప్పి లోపలేముందో చూస్తానంటుంది. వీటిని లక్ష్యాలంటారా ఎవరైనా? లక్ష్యమంటే ఐఐటీ. లెక్కలంటే పిల్ల మరీ ఏడిస్తే నీట్. మూడోది ఇంకా కనిపెట్టలేదు.

సీట్ల సంగతి మాత్రం ఇంట్లో ఎత్తకండి. 2024లో దేశం మొత్తమ్మీద ఉన్న 23 ఐఐటీల్లో కలిపి 17,740 సీట్లు. ఈ అంకె పక్కన మన ఊళ్లలో ఫౌండేషన్ కోర్సు పుస్తకాలు మోస్తున్న పిల్లల్ని నిలబెట్టి పిల్లాడు భాగహారం మొదలుపెట్టాడంటే, "నెగటివ్‌గా ఆలోచించకు" అని వెంటనే ఆపేయండి. లెక్కల్లో నూటికి నూరు రావాలి గానీ ఇంట్లో లెక్కలు వేయకూడదు. ఎంత ముందు మొదలుపెట్టాలి అన్నదానికి మనకు ఘనమైన చరిత్రే ఉంది. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్‌లో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాల్సి వచ్చేది. ఆ పరీక్ష గట్టెక్కించడానికి మళ్లీ వేరే కోచింగులు వెలిశాయి. అదే దూరదృష్టిని మనం ఆరో తరగతి దాకా దించాం. ఒకటో తరగతి ఇంకెంత దూరం?

లక్ష్యం ఖరారయ్యాక చార్టు. 'మై గోల్' అని మీరే రాయండి, వాడి దస్తూరీ గోడమీద బాగుండదు. కింద టైంటేబుల్. నాలుగున్నరకు లేవడం, అయిదింటి దాకా లెక్కలు, ఆ తర్వాత సైన్సు. సాయంత్రం 'ఆటలు' అని ఒక పది నిమిషాలు పడేయండి, చుట్టాలొచ్చినప్పుడు చూపించుకోవడానికి పనికొస్తుంది. బుధవారానికి చార్టు మూలన పడుతుంది. అప్పుడు "ఎక్కడ కుదరలేదు? ఏది మారిస్తే నీకు వీలవుతుంది?" అని పిల్లాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడారో, పని చెడినట్టే. రెండు తిట్లు తిట్టి, స్టేషనరీ షాపుకెళ్లి ఇంకో చార్టు కొనండి. ఈసారి మెరుపు కాగితం అంచు వేయించండి.

సొంతంగా చదువుకోవడం బళ్లో నేర్పాలి. దానికి స్టడీ అవర్ ఉండనే ఉంది. పిల్లలు సొంతంగా చదువుకుంటుంటే బెంచీల మధ్య ఒక సారు తిరుగుతుండాలి. పెదాలు కదలాలి, గొంతు వినబడాలి. ఒకే పేజీ తెరిచి పెట్టుకుని ఫ్యాను వంక చూస్తున్న పిల్ల కనబడితే ఆలోచిస్తోందేమోనని మోసపోకండి, డస్టరుతో బల్లమీద ఒక్కటి కొట్టండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా కనిపెట్టాల్సిన జబ్బు ఒకటుంది. ఏడో తరగతి పిల్ల ఒకత్తె 2/3కి 1/4 కలిపి 3/7 అని వేసిందనుకోండి. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేసింది. మామూలు తప్పే, ఇంటూ కొట్టి పంపేయొచ్చు. కానీ ఈ పిల్ల అక్కడితో ఆగలేదు. "3/7 అంటే సగం కూడా లేదు, 2/3 సగం కంటే ఎక్కువ. కలిపితే తగ్గడమేమిటి?" అని గొణుక్కుంది. పాత స్లిప్ టెస్టులు తీసి చూసుకుంది, ప్రతిదాంట్లో అదే చోట దెబ్బ. నోటుబుక్కు వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంది: శుక్రవారం లోపు హారాలు వేరువేరుగా ఉన్న లెక్కలు పది చేయాలి, జవాబులు నేనే సరిచూసుకోవాలి.

ఈ లక్ష్యంలో లోపాలు చూడండి. ఫ్లెక్సీ వేయించడానికి చాలదు. గడువు దగ్గర్లోనే ఉంది కాబట్టి అయిందో లేదో తెలిసిపోతుంది. అయిందని చెప్పడానికి సారు కూడా అక్కర్లేదు. ఇది ముదిరితే రేపు ట్యూషనెందుకని అడుగుతుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా ఎర్ర పెన్నుతో 11/12 అని మీరే రాసిచ్చి, దాన్ని పదిసార్లు ఎక్కించమనండి. శుక్రవారానికి అంతా సర్దుకుంటుంది.

ప్రాజెక్టు పని గురించి ఎక్కువ చెప్పను, తల్లులకు అలవాటైన సబ్జెక్టే. నెట్ సెంటర్లో రంగు ప్రింటు తీయించండి, నలుపు తెలుపైతే మార్కు పోతుంది.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా గడిపే వీలు కల్పించింది. వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోవడం లాంటివి అందులో ఉన్నాయి. చాలా మంచి ఆలోచన. సంచీ తేవద్దని చెప్పి, ఒలింపియాడ్ ప్రశ్నపత్రాలు బళ్లోనే పంచండి. నియమం తప్పినట్టూ ఉండదు, పిల్లాడు ఉలి పట్టుకున్నట్టూ ఉండదు.

ఇక పేరెంట్స్ మీటింగు. పిల్లాణ్ణి తప్పకుండా వెంట తీసుకెళ్లండి, చేతులు కట్టుకుని పక్కన నిలబడితే చాలు. మార్కుల కాగితం మీద మీరూ టీచరూ మాట్లాడుకోండి, మధ్యలో మేనత్త కొడుకు ర్యాంకు ఒకసారి గుర్తుచేయండి. ఎక్కడో ఒక కొత్త టీచరమ్మ ఉంటుంది, తెలియక మీ వైపు కాకుండా వాడి వైపు తిరిగి "నీకు ఎక్కడ కష్టంగా ఉంది నాన్నా, వచ్చే నెల దేని మీద పని చేద్దామనుకుంటున్నావు?" అని అడిగేస్తుంది. వాడు నోరు తెరిచేలోపే మీరు అందుకోండి: "వాడికేం తెలుసు మేడమ్, మీరు చెప్పండి!"