పురుగులాయన

పావగడ తాలూకాలో చేనికి పురుగు పడిందంటే సంబరపడే మనిషి పురుగులాయన ఒక్కడే. మూడు పక్కలా ఆంధ్ర చుట్టుకున్న ఈ కర్ణాటక మూలలో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడం, నమ్ముకున్న పంట వేరుశనగ. తొలకరి పడగానే నేలలో దాక్కున్న ఎర్ర గొంగళి పురుగు రెక్కలొచ్చి లేచి గుడ్లు పెడుతుంది. కొన్నాళ్ళకు దాని సంతతి ఒక చేను ముగించి, గట్టు దాటి, పక్క చేలోకి దండుగా నడుస్తుంది. ఆ దండును ఆపడానికి రైతులు చేను చుట్టూ చాలు తవ్వుతూ ఉంటారు. అప్పుడే గట్టు మీద, మూతకు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని తలెత్తకుండా వెతుక్కుంటూ పోయేవాడెవడైనా కనిపిస్తే ఆయనే అనుకోండి.

ఈ రకం మనిషిని గుర్తుపట్టడం తేలిక. వయసు ముప్పై లోపు. కొలువు బెంగుళూరులో, కూర్చునేది మాత్రం ఇక్కడ మిద్దె మీది గదిలో. కుక్కనో చిలకనో పెంచితే పదిమందిలో ఒకడైపోతాడు గనక యెమెన్ దేశపు ఊసరవెల్లిని తెచ్చుకున్నాడు. దానికి నెత్తిన నిక్కిన డిప్ప, ఒంటి మీద పచ్చా పసుపూ పట్టీలు. రెండు కళ్ళనీ రెండు దిక్కులకు తిప్పుతూ, ఒక కంటితో పెట్టిన తిండినీ రెండో కంటితో పెట్టినవాణ్ణీ తూకం వేస్తుంది. పేరు దొర. దాన్ని చూసినవాళ్ళందరూ ఎమ్మెల్యేల మీద ఒక జోకు వేసి తీరతారు. ఆ జోకు మీకూ తెలుసు కాబట్టి ముందుకు పోదాం.

మన దేశంలోనూ ఊసరవెల్లి ఉంది, ఒకే ఒక్క జాతి. చింతచెట్ల మీదా కంచెల్లోనూ అడుగు తీసి అడుగు వేయడానికి తటపటాయిస్తూ కనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది, పట్టుకుని పెంచితే కేసే. పరదేశీ దొరకైతే కాగితాలుండాలి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పురుగులాయన చేయించాడు, ఆ పత్రాన్ని లామినేషన్ కూడా వేయించి గోడకు తగిలించాడు. పక్కనే తన డిగ్రీ పట్టా ఉంది, దానికి లామినేషన్ లేదు.

ఊళ్ళో పిల్లలకు ఈ చట్టాల తేడా ఎవరు చెప్పారు? ఒకరోజు ఒక పిల్లవాడు పొడుగాటి కట్టె చివర నాటు ఊసరవెల్లిని ఎక్కించుకుని వీధి వీధంతా ఊరేగిస్తూ వచ్చాడు. "అన్నా, నీ దొర పారిపోయి మా కంచెలో దొరికినాడు, ఏమిస్తావు?" పురుగులాయన మొహంలో మారిన రంగులు దొరకు కూడా చేతకావు. కట్టెతో సహా పరుగెత్తి దాన్ని ఆ కంచెలోనే వదిలి, ఫారెస్టు వాళ్ళెవరైనా చూశారేమోనని నాలుగు పక్కలా చూసి మరీ వచ్చాడు. పిల్లవాడికి అయిదు రూపాయలు ఇచ్చాడు. అది తప్పయింది. మర్నాటి నుంచి ఊరి పిల్లలందరికీ ఉపాధి దొరికింది.

ఇక అసలు సంగతి, దొరవారి భోజనం. ఊసరవెల్లి చచ్చిన పురుగును కన్నెత్తి చూడదు. కదలాలి. కదిలితే ఒంటి పొడుగును మించిన నాలుక రెప్పపాటు లోపల వెళ్ళి తెచ్చేస్తుంది. పురుగు మరీ పెద్దదైతే గొంతులో అడ్డం పడుతుంది, అందుకని దాని రెండు కళ్ళ నడుమ ఉన్న ఎడాన్ని మించకూడదు. ఎప్పుడూ ఒకటే రకం పెట్టినా కుదరదు. పురుగు ఒంట్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ తక్కువే తింటూ పోతే ఊసరవెల్లి ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకర్లు పోతాయి. అందుకే ముందు పురుగుకు క్యారెట్టూ ఆకుకూరా పెట్టి మేపాలి, తర్వాత దాన్ని కాల్షియం పొడిలో దొర్లించాలి, ఆ తర్వాతే దొరకు వడ్డించాలి. ఇన్ని చేసినా, నెల రోజులు వరసగా కీచురాళ్ళే పెడితే దొర అలుగుతాడు. మొహం అటు తిప్పి కొమ్మను పట్టుకుని కూర్చుంటాడు. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడైనా మూడో రోజుకు రసంతో సర్దుకుంటాడు, ఈయన సర్దుకోడు.

అందుకని మిద్దె మీద కీచురాళ్ళ పెంపకం మొదలైంది. ప్లాస్టిక్ పెట్టెలో కోడిగుడ్ల అట్టలు నిలబెట్టి, గుడ్లు పెట్టడానికి ఒక గిన్నెలో తడి ఇసుక ఉంచాడు. పిల్లలు లేచాయి, పెరిగాయి, మగవాటికి రెక్కలొచ్చాయి. రెక్కలొచ్చిన మగ కీచురాయి రాత్రిళ్ళు ఏం చేస్తుందో అందరికీ తెలుసు. ఆడదాన్ని పిలుస్తుంది. రెండువందల మగవాళ్ళు ఒకేసారి పిలిచారు. కింద పడుకున్న అవ్వ, "ఒరే, మడి కాడ కాపలా పండుకున్నట్టుందిరా, ఎప్పుడు నీళ్ళు కట్టాల?" అని నిద్రలోనే లేచింది. రెండో రకంగా తవుడు డబ్బాలో మీల్‌వార్మ్‌లు పెట్టాడు. వాటికి నోరు లేదు, అందుకని ఇంట్లో గొడవ లేదు. వాళ్ళమ్మ తవుడే కదా అని ఆ డబ్బాను ఎనుముకు కుమ్మరించిన రోజు దాకా.

అవ్వకు దొర మీద ఒక ఫిర్యాదు ఉంది, అది న్యాయమైనదే. ఈ తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళ మీద గారలు, వంగని మోకాళ్ళు, నిటారుగా లేవని నడుములు ఇక్కడ పాత కథ. అవ్వ ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళే తాగింది. దొర మాత్రం గిన్నెలో నిలవ నీళ్ళు ముట్టడు, ఆకు మీద జారే చుక్కనే నాకుతాడు. ఆ చుక్కల కోసం శుద్ధ నీటి యంత్రం దగ్గర పట్టిన క్యాను నీళ్ళు, స్ప్రే సీసాలో పోసి, పొద్దునా సాయంత్రమూ ఆకుల మీద చల్లాలి. "నా మోకాళ్ళకు లేని పొడి ఆ పురుగు మోకాళ్ళకు పూస్తాండావే" అని అవ్వ అడిగింది. దానికి పురుగులాయన ఇచ్చిన జవాబు విటమిన్ డి మీద పది నిమిషాలు సాగింది. అవ్వ కాల్షియం డబ్బా తీసి దిండు కింద పెట్టుకుంది.

పట్టుపురుగు దొరికితే దొరకు పండుగ. మెత్తటి ఒళ్ళు, కాల్షియం కాస్త మెరుగు, మెల్లగా పాకుతుంది. వై.ఎన్. హొసకోటలో పట్టుచీరలు నేస్తారు, చుట్టుపక్కల మల్బరీ తోటలున్నాయి. కాబట్టి పట్టుపురుగు దొరకడం ఎంతసేపు అనుకున్నాడు పురుగులాయన. పట్టు రైతు షెడ్డు గడప దాటడం ఎంత కష్టమో ఆయనకు తెలీదు. లోపలికి పోవాలంటే కాళ్ళకు సున్నం, చేతులకు మందునీళ్ళు. వేరే షెడ్డుకు పోయి వచ్చినవాడినైతే పాలరోగం మోసుకొస్తాడని ఆమడ దూరంలోనే ఆపుతారు. ఈయనేమో ఒకే పూట మూడు షెడ్లు తిరిగి నాలుగోదానికి వచ్చి, ఆ సంగతి తానే చెప్పాడు. పైగా ఊజి అడిగాడు. 1980లో బెంగాలు నుంచి వచ్చిన గూళ్ళతో పాటు కర్ణాటకలో దిగిన ఈగ అది. పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, దాని పిల్ల పురుగును లోపలి నుంచి తినేసి బయట పడుతుంది. దానికి భయపడే షెడ్డు కిటికీలన్నిటికీ నైలాను వల కడతారు. "అన్నా, ఊజి పిల్లలుంటే ఒక గుప్పెడు ఇస్తావా? రేటు నువ్వే చెప్పు" అన్నాడీయన. రైతు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భార్యను పిలిచి, "ఇదిగో, దేవునిగూట్లో ఇబూది పట్టుకురా" అన్నాడు.

పిల్లల సరఫరా సాగుతూనే ఉంది. వాళ్ళ లెక్కలో ఎంత అందంగా ఉంటే అంత ధర. మొదట తెచ్చింది జిల్లేడు మిడత, పసుపూ నీలమూ చారలతో అచ్చం పెళ్ళికి తయారైనట్టుండేది. జిల్లేడు పాల విషమంతా తాగి ఒంట్లో దాచుకునే జీవం అది, పట్టుకుంటే చిమ్ముతుంది. వద్దన్నాడు. రాత్రి మిణుగురులు తెచ్చారు. అవి బల్లి జాతికి ప్రాణాంతకం, అవీ వద్దన్నాడు. గొంగళి పురుగులు సంచీడు తెచ్చారు, ఒంటి నిండా నూగు, దురద, వద్దే వద్దన్నాడు. "ఇన్ని నకరాలు చేసేవాడు పురుగులాయన ఎట్లైనాడు?" అని పిల్లలు సమ్మె చేశారు.

మొదటి వానకు ఉసిళ్ళు లేచినప్పుడు మాత్రం ఇంట్లో నిజమైన యుద్ధం జరిగింది. దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి ఉసిళ్ళను పట్టడం, రెక్కలు రాల్చి వేయించి బొరుగుల్లో కలుపుకోవడం అవ్వకు చిన్ననాటి రుచి. ఆ పళ్ళెం మీదికే పురుగులాయన డబ్బాతో వచ్చాడు. నీళ్ళలో పడి చచ్చినవి అవ్వకు, ఎగిరేవి దొరకు అని అమ్మ పంపకం చేసింది. శనివారం శనిమహాత్మ గుడికి పోయి నువ్వుల నూనె దీపం పెట్టి రమ్మని కొడుకును తరిమింది కూడా. పోయాడు. గుడి వీధి దీపం కింద రెక్కల పురుగులు మూగి ఉన్నాయట. ఆయన దీపం పెట్టాడో లేదో గాని డబ్బా నింపుకొచ్చాడు. శని వదిలించుకోవడానికి రెండు రాష్ట్రాల నుంచి వచ్చిన భక్తులు, ఇదేదో పరిహారమనుకుని, ఎన్ని పట్టాలని అడిగారట.

తిరుమణి వైపు భూములున్నవాళ్ళు ఆయనకు సలహాదార్లు. అక్కడ అయిదు ఊళ్ళ రైతుల భూమి 13,000 ఎకరాలు కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. మొదట ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలు. విత్తే పని లేదు, మందు కొట్టే పని లేదు, టీ కొట్టు దగ్గర తీరిక ఉంది. "అప్పుడు మా చేలల్లో ఎన్ని మిడతలప్పా!" అని వాళ్ళు ఒకప్పుడు తిట్టుకున్న పురుగులను ఇప్పుడు తలచుకుంటారు. ఆ కొట్టు దగ్గర పురుగులాయన మాటను చివరిదాకా వినేది వాళ్ళే.

ఇంత తిరుగుడూ చూసి ఆ దొర బకాసురుడనుకునేరు. ఎదిగిన ఊసరవెల్లికి రోజు విడిచి రోజు అయిదారు పురుగులు చాలు. కాకపోతే మందు తగలని పురుగులు కావాలి, అవే దొరకవు. ఎవరు ఏ చేనికి ఏ రోజు ఏ మందు కొట్టారో ఆయన ఫోనులో రాసి పెట్టుకున్నాడు. దాంతో కొత్త చిక్కొచ్చింది. రైతులు ఆయన్నే అడగడం మొదలుపెట్టారు.

మొన్న ఒక రైతు మొక్కజొన్నకు కత్తెర పురుగు పడిందని ఫోను చేశాడు. 2018లో ఈ దేశంలో మొదట కర్ణాటకలోనే కనబడిన పురుగు అది, సుడిలో దూరి ఆకును జల్లెడ చేస్తుంది. పురుగులాయన బండి మీద ఎగిరొచ్చాడు.

"అన్నా, మందు కొట్టొద్దు. గుడ్ల ముద్దలు చేత్తో ఏరుదాం. సుడిలో ఇసుకా సున్నమూ వేద్దాం. ఒక్క పదైదు దినాలు ఆగు."

"ఆగితే పురుగంతా ఎవరు తింటారప్పా?"

"మా దొర తింటాడు."

"ఎకరాకు ఎంతమంది దొరలు కావల్లప్పా?"

పురుగులాయన గట్టు మీద కూర్చుని ఫోను తీసి లెక్క వేయడం మొదలుపెట్టాడు. చెట్టుకు రెండు పురుగులు, ఎకరాకు ఇన్ని చెట్లు, దొరకు రెండు రోజులకు ఆరు. సున్నాలు తెర దాటి పోయాయి.

రైతు బకెట్లో మందు కలుపుతూ, "లెక్క తేలినాక చెప్పు" అన్నాడు.

"అట్లయితే ఉండన్నా, ముందు డబ్బా నింపుకోనీ" అని పురుగులాయన చేలోకి దూకాడు.