సర్క్యులర్ తెరవకుండానే పోస్టు తేల్చుకునే పద్ధతి

తమ్మీ, మన వనపర్తి ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో పొద్దున గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలకూ, సాయంత్రం సంతాప సందేశాలకూ మధ్య అప్పుడప్పుడు ఒక పీడీఎఫ్ పడుతుంది. ట్రెజరీలోనో, స్టేట్ ఆడిట్‌లోనో, వర్క్స్ అకౌంట్స్‌లోనో ఖాళీ ఉందనీ, ఇప్పటికే సర్వీసులో ఉన్నవాళ్లు మాత్రమే త్రూ ప్రాపర్ చానల్ దరఖాస్తు పెట్టుకోవాలనీ అందులో ఉంటుంది. టీజీపీఎస్సీ నోటిఫికేషన్ లేదు, లక్షల మందితో పోటీ లేదు, అంతా ఇంటి వ్యవహారం. పోవాలా వద్దా అని నువ్వు రాత్రంతా నలిగిపోవద్దని, మన ఆఫీసుల్లో తరతరాలుగా పాటిస్తున్న పద్ధతి చెప్తున్నా.

ముందుగా, ఆ పీడీఎఫ్ తెరవకు. తెరిచావంటే అది పదోన్నతా, బదిలీపై నియామకమా, ఉత్త డిప్యుటేషనా అన్న పేచీ మొదలవుతుంది. పైన రాసిన పోస్టు పేరు మూడింటికీ ఒకటే. కింద జీతం, సీనియారిటీ, వెనక్కి వచ్చే దారి మాత్రం దేనికది వేరు. ఇవన్నీ తెలిసినవాడు టీ కొట్టు దగ్గర ఉత్సాహంగా మాట్లాడలేడు. "పోస్టు పడ్డదంట గదనే" అని ఎవరన్నా అంటే "అవునే, మస్తు పోస్టు" అని వెంటనే అనగలగాలి. అందుకు పేరు తెలిస్తే చాలు.

'సర్వీసులో ఉన్నవాళ్లు' అంటే ఎవరన్నది కూడా పట్టించుకోకు. ఔట్‌సోర్సింగ్‌లో చేస్తున్న మన తమ్ముడు ఒకాయన తొమ్మిదేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని అదే బిల్లులు టైపు చేస్తున్నాడు. ఆయన జీతం ఏజెన్సీ నుంచి వస్తుంది. సర్క్యులరేమో రెగ్యులర్ ఉద్యోగి అంటుంది, ప్రొబేషన్ డిక్లేర్ అయి ఉండాలంటుంది. అయినా "పెట్టుకో, ఏమైతది" అని ధైర్యం చెప్పు. గురుకులం సొసైటీలో చేసేవాళ్లకూ, కార్పొరేషన్ ఉద్యోగులకూ అదే చెప్పు. 010 పద్దు కింద జీతం రావడానికీ, గ్రాంటులోంచి రావడానికీ తేడా ఉందని అడిగినవాళ్లకు గుర్తుచేయడం మర్యాద కాదు. వాళ్ల ఆశ నెల రోజులు పెరిగి, స్క్రూటినీలో ఒక్క గీతతో పోతుంది. అప్పుడు టీ ఇప్పించి ఓదార్చు, స్నేహం గట్టిపడుతుంది.

అర్హత ఉన్నవాళ్లకు చెప్పాల్సింది వేరు. "అది ఎవరికో ముందే రాసిపెట్టి ఉంది" అనాలి. ఈ మాటకున్న సౌకర్యం ఇంక దేనికీ లేదు. దరఖాస్తు నింపే శ్రమ ఉండదు. పక్క సెక్షన్ ఆయనకు ఆ పోస్టు వస్తే "చెప్పిన గదా" అనొచ్చు. ఎవరికీ రాకుండా సర్క్యులర్ మూలపడితే అప్పుడూ "చెప్పిన గదా" అనొచ్చు. ఒక్కోసారి నిజంగానే ఎవరినో మనసులో పెట్టుకుని రాసిన సర్క్యులర్లూ ఉంటాయి, కాదనను. అలాంటివాటిలో అర్హత గీతలు ఒక మనిషి కొలతకే కుట్టినట్టుంటాయి, చదివితే తెలిసిపోతుంది. మనం చదవం కాబట్టి అన్నీ అలాంటివే అనుకోవడం తేలిక.

డబ్బు లెక్కకు వద్దాం. పోస్టు హైదరాబాద్‌లో అయితే ఇంటద్దె భత్యం 24 శాతం అన్న ఒక్క అంకెనే బట్టీ పట్టు. 2020 పీఆర్సీలో చిన్న ఊళ్లకు 13, 11 శాతాలే. ఇంక ఆలోచించేదేముంది? అక్కడ రెండు గదుల అద్దె ఎంతో, పిల్లల బడి ఫీజు ఎంతో, అమ్మానాన్నలను చూడటానికి దాదాపు 150 కిలోమీటర్లు వారం వారం వచ్చిపోయే చార్జీ ఎంతో అదే కాగితం మీద రాయకు. రాస్తే ఆ 24 కళ తప్పుతుంది. ఎఫ్‌ఆర్ 22(బి) గురించి కూడా సగమే విను. పదోన్నతిలో బాధ్యత పెరిగితే పాత స్కేలులో ఒక ఇంక్రిమెంట్ కలిపి, కొత్త స్కేలులో ఆపై మెట్టు మీద నిలబెడతారు. అది ప్రమోషన్‌కు వర్తించే సూత్రం. సమాన స్కేలులో డిప్యుటేషన్ మీద పోయేవాడికి ఆ మెట్టు లేదు. ఈ రెండో సగం వినిపించినప్పుడు ఫోన్ వచ్చినట్టు బయటికి నడువు.

సీనియారిటీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ నైపుణ్యంతో దెబ్బతినేది ఇక్కడే. స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, 1996లో 35వ రూలు ఉంది. నీ సొంత కోరిక మీద ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు పోతే, అక్కడ చేరిన తేదీ నుంచే నీ సీనియారిటీ. పదకొండేళ్ల సీనియర్‌వు కావచ్చు, కొత్త జాబితాలో నిన్నగాక మొన్న చేరిన పిల్లగాని కింద నీ పేరు. వాడు నిన్ను "సార్" అంటూనే నీకంటే ముందు సూపరింటెండెంట్ అవుతాడు. ఇది పోకముందే తెలిస్తే మనిషి వెనకాడుతాడు కాబట్టి, పోయిన మూడేళ్లకు సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు తెలుసుకోవడం ఉత్తమం. అప్పుడు అభ్యంతరం రాసిచ్చి, సంఘం నాయకుడి చుట్టూ తిరగొచ్చు.

దాని పక్కనే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ లెక్క ఉంటుంది. ప్రమోషన్ రాకపోయినా ఒకే క్యాడర్‌లో 6, 12, 18, 24 ఏళ్లు నిండితే పై స్కేలు వస్తుంది. క్యాడర్ మారితే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి. నీకు పన్నెండేళ్లు నిండటానికి నాలుగు నెలలుందనుకో, వెంటనే పో. నాలుగు నెలలు ఆగినవాడిని లోకం పిరికివాడంటుంది.

పోవడం ఇష్టం లేనివాళ్లకూ నా దగ్గర మందు ఉంది. "ఉన్నచోటే కూర్చో, ప్రమోషన్ దానంతటదే వస్తది" అని చెప్పు. మన కొత్తకోట పక్క సరళాసాగర్ ప్రాజెక్టు చూడు, 1959లో ప్రారంభమైంది. గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు, నీళ్లు మట్టానికి రాగానే సైఫన్లు వాటంతటవే పారతాయి. ప్రమోషనూ అంతే అను. ఖాళీలు పడేదాకానే ఓపిక. 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61 చేశాక పైవాళ్లు మూడేళ్లు కుర్చీ వదల్లేదనీ, సరళాసాగర్ కట్టకు 2019 డిసెంబర్ 31న గండి పడిందనీ మధ్యలో ఎవరన్నా గుర్తుచేస్తే నవ్వి ఊరుకో.

జోన్ సంగతి రెండు ముక్కల్లో. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జూనియర్ అసిస్టెంట్ దాకా జిల్లా క్యాడర్, ఆపై సూపరింటెండెంట్ దాకా జోనల్. మనది జోగులాంబ జోన్: మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. సచివాలయం, శాఖాధిపతుల ఆఫీసులు ఆ ఉత్తర్వు పరిధిలో లేవు, అంటే అక్కడికి పోతే ఈ ఐదు జిల్లాల వరుసలోంచి తప్పుకున్నట్టే. 2021 డిసెంబర్‌లో ఆ ఉత్తర్వు ప్రకారం ఉద్యోగులను పంచిన 317 జీవోతో భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా అయినవాళ్లు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. వాళ్లను మాత్రం సలహా అడగకు, ఊరికే భయపెడతారు.

ఇక పని ఎలా ఉంటుందంటావా? ట్రెజరీ అంటే ఏసీ గది, సంతకం, ఐదు గంటలకు ఇల్లు అనుకో. మార్చి 31 అనే తేదీ క్యాలెండర్‌లో లేదనుకో. డీడీఓ పంపిన బిల్లులో హెడ్ ఆఫ్ అకౌంట్ తప్పుంటే అబ్జెక్షన్ రాసేది నువ్వే, "పైసలకు అడ్డం పడుతున్నడు" అని పేరొచ్చేదీ నీకే. రాయకుండా వదిలేస్తే రేపు ఏజీ ఆడిట్‌లో ఆ వోచర్ మీద సంజాయిషీ అడిగేదీ నిన్నే. ఐఎఫ్‌ఎంఐఎస్‌లో టోకెన్ నంబరు పడి, నెలలు గడిచినా పైసలు పడని బిల్లుకు మన చిన్న ఊళ్లో ఒక ప్రత్యేక గుణముంది, అది పెళ్లిభోజనాల దాకా వస్తుంది. నీకు చదువు చెప్పిన రిటైర్డ్ సారే పప్పు వడ్డించుకుంటూ "బిడ్డా, నా జీపీఎఫ్ ఏమాయె?" అంటాడు. విడుదల చేసేది హైదరాబాద్ అని నువ్వంటావు. ఆయన నమ్మడు. ఇవన్నీ ముందే ఊహించుకుంటే పోస్టు మీద మోజు పోతుంది కాబట్టి, అక్కడ పనిచేస్తున్నవాణ్ణి కలిసి ఒక పూట కూర్చోవడమన్న పాడు ఆలోచన పెట్టుకోకు.

అకౌంట్ టెస్ట్ పాసై ఉండాలని షరతు ఉంటే దిగులు పడకు. శాఖాపరమైన పరీక్షల్లో కొన్ని పుస్తకం చూసి రాసేవే గదా! ముందురోజు సాయంత్రం పుస్తకం కొను, సీలు విప్పకుండా హాలుకు తీసుకెళ్లు. టీఏ రూలు ఏ పేజీలో ఉందో వెతకడంలోనే గంట కొట్టేస్తారు. మళ్లీ రాయొచ్చు, పుస్తకం కొత్తగానే ఉంటుంది.

సర్వీస్ రిజిస్టర్ జోలికి అసలు పోకు. ప్రొబేషన్ డిక్లేర్ చేసిన ఉత్తర్వు అందులో ఎక్కిందా, టెస్ట్ పాసైన ఎంట్రీ పడిందా, పాత మండలంలో చేసిన రెండేళ్లకు సర్వీస్ వెరిఫికేషన్ సంతకం ఉందా అని ముందే చూసుకునేవాళ్లను ఎస్టాబ్లిష్‌మెంట్ క్లర్కులు పీడగా చూస్తారు. 2016 అక్టోబర్ 11న పాలమూరు విడిపోయి కొత్త జిల్లాలొచ్చినప్పుడు ఎన్ని రిజిస్టర్లు బీరువాలు మారాయో నీకు తెలియంది కాదు. దరఖాస్తు ఆఖరి రోజు, మధ్యాహ్నం భోజనం తర్వాత, ఆ క్లర్కు సెలవులో ఉన్నప్పుడు అడుగు. ఎన్‌ఓసీ రాకపోతే "మా సార్ పంపనియ్యలే" అనొచ్చు. ఆ మాటకు ఎక్కడికి పోయినా సానుభూతి దొరుకుతుంది.

ఇంత చేసినా పొరపాటున నువ్వే ఎంపికయ్యావనుకో. అప్పుడు ఇంట్లో చెప్పు, అంతకుముందు కాదు. మీ ఆమె ఉద్యోగం ఇక్కడే, పిల్ల పదో తరగతి అని అప్పుడే గుర్తు రావాలి. వద్దని రాసిచ్చేముందు అవే 1996 రూల్స్‌లోని 28వ రూలు చూడమని ఎవరో అంటారు, వదులుకున్న హక్కు మళ్లీ ఊరికే రాదని. చూడకు. పోయి చేరు, చేరినరోజే వనపర్తికి వర్కింగ్ అరేంజ్‌మెంట్ కోరుతూ అర్జీ రాయి. జాయినింగ్ రిపోర్టు, వాపసు అర్జీ రెండూ ఒకే కవర్లో పెట్టు, స్టాంపు ఖర్చన్నా మిగులుతుంది.