కన్నం కన్నానికో కమిటీ

మూడు రోజులపాటు నా రెండో మానిటర్‌లో నా మొహమే కనిపించింది. గడ్డం గీసుకోవడానికి పనికొచ్చింది, అంతకుమించి ఏమీ లేదు.

కంప్యూటర్ వెనక ఉన్నవి రెండు హెచ్‌డీఎంఐ కన్నాలు. ఒకదానికి కొత్త మానిటర్ తగులుకుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండో దానికి ఉన్నవేమో డిస్‌ప్లేపోర్టు, వీజీఏ. ఈ చివర హెచ్‌డీఎంఐ, ఆ చివర డిస్‌ప్లేపోర్టు ఉన్న కేబుల్ తెప్పించాను. రెండు చివరలూ బుద్ధిగా దూరాయి. బొమ్మ రాలేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పట్టుకెళితే, దుకాణం కుర్రాడు కేబుల్ ముట్టుకోకుండానే అడిగాడు: "కంప్యూటర్‌ల ఏముంది సార్, మానిటర్‌కు ఏముంది? ఇది అటు నుంచి ఇటే పోతది, ఇటు నుంచి అటు పోదు."

వన్‌వే వీధికి కూడా మొదట్లో ఒక బోర్డు పెడతారు. ఈ తీగకు బాణం గుర్తైనా లేదు. డిస్‌ప్లేపోర్టున్న కంప్యూటర్ చాలావరకు హెచ్‌డీఎంఐ భాష కూడా మాట్లాడగలదట, అందుకని అటు నుంచి ఉత్త తీగ చాలు. హెచ్‌డీఎంఐకి మాత్రం పరభాష రాదు. మధ్యలో చిప్ అనే దుబాసీని కూర్చోబెట్టాలి, ఆయనగారికి విడిగా కరెంటు మేపాలి. ఇదంతా కొనేవాడికి పుట్టుకతోనే తెలిసి ఉండాలని తయారుచేసేవాళ్ల ఉద్దేశం.

అసలు ఈ వంశవృక్షం చూడండి. 1987లో ఐబీఎం వీజీఏ తెచ్చింది: 15 పిన్నులు, అటూ ఇటూ రెండు మరలు, బిగిస్తే ఎద్దు లాగినా ఊడదు. 1999లో డీవీఐ వచ్చింది. రాగానే డీ, ఏ, ఐ అని మూడు శాఖలుగా చీలింది. డీకీ ఐకీ శాఖాభేదమంతా నాలుగు పిన్నుల దగ్గర! 2002లో హెచ్‌డీఎంఐ, 19 పిన్నులు. 2006లో డిస్‌ప్లేపోర్టు, 20 పిన్నులు. నాలుగేళ్ల మేధామథనంలో పుట్టిన అమృతం ఒక్క పిన్ను.

ఇక 2014 నాటి యూఎస్‌బీ-సీ. అన్నిటికీ ఒకటే కన్నం అన్నారు, నిజమే, కన్నం ఒకటే. ఒకదాంట్లో బొమ్మ వస్తుంది, పక్కదాంట్లో చార్జింగ్ తప్ప మరేదీ రాదు. ఏది ఏదో తెలియాలంటే దూర్చి చూడాలి. పాత కన్నాలు కనీసం మొహం చూపించి మోసం చేసేవి.



2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనొవో, శాంసంగ్, ఎల్‌జీ కలిసి వీజీఏకి ముహూర్తం పెట్టాయి: 2015కల్లా అంత్యక్రియలు. పాడె కట్టారు గానీ శవం లేచి కూర్చుంది. ఊళ్లో ఎన్ని ప్రొజెక్టర్ల వెనక ఆ నీలి కన్నం నిక్షేపంగా ఉందో చూడండి.

కుర్రాడు చివరికి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న డబ్బా చేతిలో పెట్టాడు. లోపల చిప్ ఉంది, ఏ దిక్కుకు పోతుందో పైన రాసి ఉంది. ఇంటికొచ్చి మరలు బిగించాను, తెర వెలిగింది.

కొత్త పోర్టు కోసం కూర్చున్న కమిటీవారు ఎవరైనా ఉంటే ఒక మనవి. లేవండి బాబూ, ఇళ్లకు వెళ్లండి. వెళ్లే ముందు కేబుల్ మీద ఒక్క బాణం గుర్తు వేయించండి.