వడ్డీ దయ్యమా, రేపు రా

2013 సెప్టెంబరు 18న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ రెండు కబుర్లు చెప్పింది. ఒకటి: దేశ ఆర్థిక వృద్ధి జూన్‌లో అనుకున్నంత ఉండేలా లేదు, అంచనా తగ్గిస్తున్నాం. రెండు: రోగి ఇంకా కోలుకోలేదు కాబట్టి నెలకు 8,500 కోట్ల డాలర్లు పోసి బాండ్లు కొనే పనిని ఇప్పట్లో తగ్గించం. మామూలు మనుషుల ఇంట్లో ఇలాంటి కబురు వస్తే పొయ్యి వెలగదు. వాల్‌స్ట్రీట్‌లో మాత్రం డౌ జోన్స్, ఎస్ అండ్ పి 500 రెండూ అంతవరకూ ఎన్నడూ ఎక్కని మెట్టెక్కాయి. మర్నాడు ముంబయిలో మన సెన్సెక్స్ 684 పాయింట్లు గెంతింది. అమెరికా కోలుకోలేదట, మిఠాయిలు పంచండి!

ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు పెద్దలు. వాల్‌స్ట్రీట్ దగ్గర వీధిలో నిలబెట్టిన ఎద్దు కంచుది, దానికెలాగూ పుండు పడదు. పడేదల్లా డెట్రాయిట్‌లోనో ఒహాయోలోనో ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్నవాడికి. ఆ పుండు ఎంత లోతుందో ప్రభుత్వం నెలకోసారి కొలిచి చెబుతుంది. ఆ ఏళ్లలో ఉద్యోగాల లెక్క నీరసంగా వచ్చిన శుక్రవారాల్లో టీవీ పండితుల మొహాలు వెలిగిపోయేవి. ఉద్యోగాలు రాలేదు, కనుక ఫెడ్ భయపడుతుంది, కనుక డబ్బు వస్తూనే ఉంటుంది, కనుక కొనండి. లెక్క బాగా వచ్చిందా, గుండెల్లో రాయి పడేది. దేశం బాగుపడుతోందన్న పుకారు పుట్టిందంటే షేర్లు అమ్ముకుని పారిపోవాల్సిందే.

ఈ వింతకు ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని చెప్పినవాడు అల్లాటప్పా మనిషి కాదు. 1930ల మహామాంద్యాన్ని జీవితమంతా చదివిన ప్రొఫెసర్, అప్పటి ఫెడ్ చైర్మన్ బెన్ బెర్నాంకే. 2010 నవంబరులో 60,000 కోట్ల డాలర్ల బాండ్లు కొంటామని ప్రకటించిన వెంటనే వాషింగ్టన్ పోస్ట్‌లో వ్యాసం రాసి ఆయన దాన్ని వివరించారు. సారాంశం ఇదీ: షేర్ల ధరలు పెరిగితే జనం ఆస్తి పెరుగుతుంది, ధైర్యం వస్తుంది, ఖర్చు పెడతారు, ఖర్చు పెడితే కంపెనీలకు లాభాలు, లాభాలొస్తే ఉద్యోగాలు. చక్రం చక్కగా తిరుగుతుంది. ఇరుసు ఒక్కటే లోపించింది. అమెరికాలో షేర్ల విలువలో 80 శాతం పైచిలుకు పై పదోవంతు కుటుంబాల చేతిలో ఉంది. మిగతా తొమ్మిది వంతుల జనం సంపన్నులమని అనుకోవాలంటే పక్క పేటలోని వాళ్ల లెక్కల పుస్తకం తెప్పించుకుని చదువుకోవాలి. ఇక ఆ పై పదోవంతువాళ్లు షేర్లు పెరిగాయని రోజుకు నాలుగుపూటలు భోంచేస్తారా? మరిన్ని షేర్లు కొంటారు. షేర్లు పెంచడమే లక్ష్యమైతే సిద్ధాంతం అద్భుతంగా పనిచేసినట్టే.

బాండ్లు కొన్న డబ్బు ఎక్కడికి పోయిందని అమాయకులు అడిగేవారు. ఎక్కడికీ పోలేదు. ఫెడ్ బాండు కొంటే బ్యాంకు ఖాతాలో నిల్వ పెరుగుతుంది. ఆ ఖాతా ఉండేది ఫెడ్ దగ్గరే. 2008 అక్టోబరు నుంచి ఆ నిల్వకు ఫెడ్ వడ్డీ కూడా ఇస్తోంది. ఆ ఏడాది చివరి నుంచి ఏళ్లపాటు అది 0.25 శాతం. 2014 నాటికి నిబంధనకు మించి పేరుకున్న నిల్వ రెండున్నర లక్షల కోట్ల డాలర్లు దాటింది. బ్యాంకులన్నీ కలిసి ఎంత అప్పులిచ్చినా ఆ నిల్వలు బ్యాంకింగ్ వ్యవస్థ గడప దాటలేవని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఒప్పుకుంటాను. గడప దాటలేని సొమ్మును చూపించి వీధుల్లో డబ్బు పారుతోందని టీవీల్లో ఊదరగొట్టడమెందుకు? అదే కాలంలో రిటైరైన ముసలాయన పొదుపు ఖాతాకు 0.1 శాతం వడ్డీ వచ్చినా గొప్పే. బ్యాంకు తన సొమ్ము ఫెడ్ దగ్గర పెడితే పావు శాతం, ముసలాయన తన సొమ్ము బ్యాంకులో పెడితే నమస్కారం.

చవక వడ్డీతో కంపెనీలు అప్పులు తెచ్చి ఫ్యాక్టరీలు కడతాయన్నది ఇంకో ఆశ. 2013 ఏప్రిల్ చివర్లో యాపిల్ కంపెనీ 1,700 కోట్ల డాలర్లకు బాండ్లు అమ్మింది. అప్పటికి కార్పొరేట్ చరిత్రలో అంత పెద్ద బాండ్ల అమ్మకం లేదు. పాపం, ఏం కష్టమొచ్చిందో అనుకోకండి. ఆ రోజు యాపిల్ దగ్గరున్న నగదు, నగదుతో సమానమైన పెట్టుబడులు కలిపి దాదాపు 14,500 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం విదేశాల్లో ఉంది. ఇంటికి తెస్తే అప్పట్లో పన్ను కట్టాల్సి ఉండేది. పన్ను కంటే అప్పే నయం: మూడేళ్ల బాండుకు వడ్డీ అర శాతం కూడా లేదు, పదేళ్ల బాండుకు 2.4 శాతం. ఆ అప్పుతో కొత్తగా కట్టిన ఫ్యాక్టరీ ఏదీ లేదు. సొంత షేర్లు తిరిగి కొనడానికి, వాటాదారులకు డివిడెండ్లు ఇవ్వడానికి తెచ్చిన సొమ్మది. దీన్ని తప్పు పట్టడానికి లేదు, అంత చవగ్గా అప్పిస్తామంటే ఎవరైనా తీసుకుంటారు. బంగారంలాంటి కంపెనీ తన షేర్లు తానే కొనుక్కుంటే వాటి ధర పెరుగుతుంది. ధర పెరిగితే ఏమవుతుందో బెర్నాంకే గారి వ్యాసంలో ఉంది.

న్యాయంగా చెప్పాలంటే 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ కూలినప్పుడు ఫెడ్ చేసింది మంటలార్పే పనే. ఆ పని చేయకపోతే 2009 అక్టోబరులో 10 శాతం చేరిన నిరుద్యోగం ఎక్కడ ఆగేదో! పైగా ద్రవ్య విధానం సర్వరోగ నివారిణి కాదని బెర్నాంకే అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు మొత్తుకుంటూనే ఉన్నారు. కాంగ్రెస్ విన్నదా? 2013 మార్చిలో ఎడాపెడా ఖర్చుల కోత మొదలుపెట్టింది. అప్పటికే స్థానిక ప్రభుత్వాలు టీచర్లతో సహా లక్షలమందిని ఇంటికి పంపాయి. రోగికి అన్నం మాన్పించినవాళ్లే బలం రాలేదేమని ఫెడ్‌ను నిలదీశారు. ఫెడ్ ఇంకో సీసా సెలైన్ తెప్పించింది, అదీ పక్క మంచం మీద కులాసాగా పడుకున్న షేర్ మార్కెట్‌కు.

అంచనాల సంగతి క్లుప్తంగా ముగిద్దాం, పరువు విషయం. 2011లో వృద్ధి 3 నుంచి 3.6 శాతం ఉంటుందని 2010 నవంబరులో ఫెడ్ చెప్పింది. వచ్చింది రెండు శాతం లోపు. 2014 మొదటి మూడు నెలల్లో వృద్ధి మైనస్‌లోకి పోతే తప్పు చలిగాలిది.

ఇదంతా వాళ్ల గొడవ, మనకెందుకంటారా? 2013 మే 22న బెర్నాంకే కాంగ్రెస్ ముందు కూర్చుని, రాబోయే సమావేశాల్లో బాండ్ల కొనుగోలు తగ్గించవచ్చు అన్నారు. తగ్గించలేదు, తగ్గించవచ్చు అన్నారంతే. అప్పుడు డాలర్ 55 రూపాయల చుట్టూ ఉంది. ఆగస్టు 28న 68.80. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్, గుంటూరు, విజయవాడల నుంచి పిల్లలు ఎం.ఎస్. చదువులకు విమానాలెక్కుతారు. మేలో ఐదున్నర లక్షలతో అయ్యే పది వేల డాలర్ల ఫీజుకు ఆగస్టు చివర్లో ఆరు లక్షల ఎనభై ఎనిమిది వేలు కావాల్సొచ్చింది. బ్యాంకు మంజూరు చేసిన విద్యారుణం రూపాయల్లో ఉంటుంది, పెరిగిన తేడా నాన్న భరించాలి. మన తప్పూ ఉంది, 2012-13లో మన కరెంటు ఖాతా లోటు జీడీపీలో 4.8 శాతం. బంగారం మీద దిగుమతి సుంకం 10 శాతానికి పెంచి ప్రభుత్వం పెళ్లిళ్ల మీద పడింది. సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ గవర్నరైన రఘురామ్ రాజన్ అదే నెల 20న రెపో రేటు పెంచారు. ప్రపంచ ద్రవ్య సహకారం దెబ్బతిందని తర్వాతి జనవరిలో బాహాటంగానే విసుక్కున్నారు. సంపన్నుల మార్కెట్‌కు పట్టిన దిగులుకు మన ఊళ్లో వడ్డీ పెరిగిందన్నమాట.

ఇంతకీ ఆ మార్కెట్ దేనికి జడిసింది? ఒకప్పుడు మన పల్లెల్లో దయ్యం తిరుగుతోందని తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి చదువుకుని వెళ్లిపోయి, మర్నాడు వచ్చి మళ్లీ చదువుకునేది. 2008 డిసెంబరు 16న వడ్డీ రేటును సున్నా దరికి దించాక ఫెడ్ కూడా సుద్దముక్క పట్టింది. 2011 ఆగస్టులో రాసింది: 2013 మధ్య దాకా రాకు. 2012 జనవరిలో చెరిపి రాసింది: 2014 చివర్లో చూద్దాం. అదే ఏడాది సెప్టెంబరులో: 2015 మధ్యలో. డిసెంబరులో తేదీ తుడిచేసి గీత గీసింది: నిరుద్యోగం 6.5 శాతానికి దిగేదాకా రావద్దు. 2014 మార్చిలో నిరుద్యోగం గీతకు ఒక్క అడుగు దూరంలోకి రాగానే గీతే చెరిపేసింది. 2015 మార్చిలో ‘ఓపిక పడతాం’ అన్న మాట తీసేసి, ఓపిక లేదని కాదు సుమా అని కొత్త చైర్‌పర్సన్ జానెట్ యెలెన్ బుజ్జగించారు. సీనియర్ విశ్లేషకులు జీతాలు తీసుకుని ఈ తలుపులు చదివేవారు.

చివరికి ఏడేళ్ల తర్వాత 2015 డిసెంబరు 16న దయ్యం గడప దాటింది, పావు శాతం బరువుతో. 2016లో నాలుగుసార్లు వస్తుందని ఫెడ్ సభ్యుల అంచనా. జనవరిలో చైనా మార్కెట్లు వణికాయి, జూన్‌లో బ్రిటన్ ఐరోపా సమాఖ్యకు సెలవంది, సుద్దముక్క మళ్లీ తలుపెక్కింది. వచ్చింది ఒక్కసారి, అదీ డిసెంబరులో. 2017కు మూడుసార్లన్నారు. ఈసారి మూడుసార్లూ చెప్పినట్టే వచ్చింది. ఆ ఏడాది ఎస్ అండ్ పి 500 సుమారు 19 శాతం పెరిగింది.