కథా సంహార విధానం

సినిమా కథను చంపడం చాలామంది అనుకున్నంత సులువు కాదు. ఒగ్గుకథ, బుర్రకథ, హరికథ, తోలుబొమ్మలాట చూస్తూ పెరిగిన జనం మనవాళ్లు. ఎంత నలిపినా కథ ఏదో ఓ మూల ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ కాస్త ఊపిరి చాలు, ప్రేక్షకులు దాన్ని లేపి కూర్చోబెట్టేస్తారు. అందుకే ఈ పనికి ఒక పద్ధతి కావాలి, ముందు ఒక స్థలం కావాలి. మొయినాబాద్ మండలంలో, హిమాయత్‌నగర్ చుట్టుపక్కల, ఒక ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకోండి. సిటీకి దగ్గర, పచ్చగా ఉంటుంది, స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, వంటమనిషి నాటుకోడి బాగా వండుతాడు. స్టోరీ సిట్టింగ్స్‌కి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. జాగ్రత్త ఒక్కటే: కథ పూర్తయ్యేదాకా గేటు దాటి బయట అడుగు పెట్టకూడదు. బయట అసలు కథ ఉంది. అది కంటపడిందా, మీ సినిమా బాగుపడే ప్రమాదం ఉంది.

బయట ఏముందో తెలిస్తేనే కదా దాన్నుంచి తప్పించుకోగలిగేది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది పోయారు. అలాంటిది మళ్లీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. 1920ల్లోనే ఆ రెండూ నగరానికి అండగా నిలిచాయి, తాగునీళ్లూ ఇచ్చాయి. ఆ నీళ్లు పాడవకూడదని 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కట్టడానికి వీల్లేదంది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ తదితర మండలాల్లో 84 ఊళ్లు దాని కిందికి వచ్చాయి. కాస్త అవతల, కోకాపేటలో, 2023 వేలంలో ఒక ఎకరం 100 కోట్లు దాటింది. ఇవతల రైతు మాత్రం అదే ఆకాశం కింద అలాగే ఉండిపోయాడు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా అంటూ 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేయబోయింది. నీళ్ల సంగతి సరే, వరద వస్తే ఏం చేస్తారని పర్యావరణం వాళ్లు అడిగారు.

ఇప్పుడు ఈ ఊళ్లలో ఒక ఇంటిని ఊహించండి. ఊహించవద్దనే చెప్పాలి గానీ, శత్రువు మొహం తెలిసి ఉండటం మంచిది. తండ్రికి మూడెకరాలు. కొడుకు అమ్ముదామంటాడు. వాడి నెత్తిన అప్పుంది, పిల్లాడి కాలేజీ ఫీజుంది. పక్క మండలంలో ఇలాంటి భూమే అమ్ముకుని డూప్లెక్స్ కట్టుకున్న బావమరిది ఉన్నాడు. తండ్రి అమ్మనంటాడు. ఆ బోరు ఆయన మూడుసార్లు వేస్తే పడింది, భార్య సమాధి ఆ గట్టు మీదే ఉంది. పెళ్లై నగరంలో ఉంటున్న కూతురు జీవో ఉండి తీరాలంటుంది. ఆమె పిల్లలు తాగేది నల్లా నీళ్లే. ‘నీ నల్లా కోసం నా పొలం ఎండాలా?’ అని అన్న అడుగుతాడు. ఈ ముగ్గురిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. సరిగ్గా అదే మనకొచ్చిన చిక్కు. ముగ్గురివీ న్యాయమైన కోరికలే, మూడూ ఒకే మూడెకరాల్లో పట్టవు. పండక్కి కూతురు పుట్టింటికొచ్చి, అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపితే చాలు, మాటల రచయిత అవసరం కూడా లేకుండా సీను పండిపోతుంది.

దీనికి విరుగుడు పరిశ్రమ ఎప్పుడో కనిపెట్టింది: ఒక కబ్జాదారుణ్ణి దించండి. తెల్ల చొక్కా, నల్ల స్కార్పియో, వెనక నలభై మంది. వాడొచ్చి ముసలాయన్ని ఒక్క తన్ను తంతాడు. ఆ క్షణమే కొడుకు అప్పు, కూతురి నల్లా, జలాశయం, వరద అన్నీ మాయం. బెంగళూరు నుంచి మనవడు దిగుతాడు. ఇంతసేపూ మనల్ని వేధించిన చిక్కు ఇంటర్వెల్ లోపలే తీరిపోతుంది, ప్రేక్షకుడికి తేల్చుకోవడానికి ఏమీ మిగలదు, ఎప్పుడు కొడతాడా అని చూడటం తప్ప. ఈ విధానం మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. కథానాయకుడికి అడ్డొచ్చే మనిషి దగ్గర కాస్త న్యాయం ఉన్నంతకాలం కథ చావదు. ఆ న్యాయాన్ని ముందు పీకేయండి. తర్వాత ఎన్ని పాటలు పెట్టినా, ఎన్ని కార్లు గాల్లోకి లేపినా పర్వాలేదు, అది మళ్లీ లేవదు. (హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల వైపు కూడా చూడకండి. రోడ్డు ఇరుకు, ప్రమాదాల్లో మనుషులు పోతున్నారు, వెడల్పు చేయాలంటారు ఒకరు. దాని పక్కనున్న వందల మర్రిచెట్లు నరకవద్దంటారు ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ దారిలో కారు అద్దాలు ఎక్కించుకోవడమే క్షేమం.)

ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందో 2023 మార్చిలో ‘బలగం’ చూపించింది. వేణు యెల్దండి అనే హాస్యనటుడు మొదటిసారి దర్శకత్వం చేపట్టి, విలన్‌ను పెట్టడమే మరిచాడు. ఉన్నదల్లా ఒక చావు, పిండం ముట్టని కాకి, ఏళ్ల తరబడి మాటల్లేని ఇల్లు. ఆ పగకు కారణం హత్య కాదు, ఆస్తి కాదు, విందు బంతిలో ఒక నల్లి బొక్క. పిలిచి విస్తరేసి అల్లుడికి దక్కాల్సిన మర్యాద దక్కలేదన్నది ఆ అల్లుడి బాధ. బయటివాడికి నవ్వులాట. కానీ తెలంగాణలో పెళ్లి బంతిలో కూర్చున్న ఎవరినైనా అడగండి, నల్లి బొక్క ఎవరి విస్తట్లో పడిందన్నది చిన్న విషయమా అని. అల్లుడి కోపంలో న్యాయముంది, బామ్మర్దుల పట్టుదలలోనూ ఉంది. ఆఖరికి కథానాయకుడు సాయిలు కూడా మంచివాడేం కాదు. తాత శవం ఇంట్లో ఉండగా వాడి దిగులు నిశ్చితార్థం ఏమవుతుందో, కట్నం డబ్బుతో తీరాల్సిన అప్పు ఏమవుతుందో అని. ఎలివేషన్ ఎక్కడ, ఇంట్రడక్షన్ సాంగ్ ఎక్కడ? ఫలితం అందరికీ తెలిసిందే: ఊళ్లలో జనం తెర కట్టుకుని, ఆరుబయట చాపలేసుకుని, ఊరంతా కూర్చుని చూశారు. ఒక సినిమా కోసం ఊరంతా ఒకచోట కూర్చుని ఏడవడం మన పరిశ్రమకు ఎంత అప్రతిష్ట!

ఇక ట్విస్టు. కథ చంపడంలో దీని పాత్ర తక్కువేం కాదు, కానీ దాన్ని సరిగా వాడాలి. మనిషి ఎందుకు అలా చేశాడో చెప్పకుండా, ఏం చేశాడో మాత్రం దాచిపెట్టాలి. 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ తీసినప్పుడు ఈ సూత్రం తెలియక మొత్తం గుట్టు బయట పెట్టేశాడు. శశిరేఖ అభిమన్యుణ్ణే పెళ్లాడుతుందని హాల్లో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. పెళ్లి పందిట్లో ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడని ఒక్క కౌరవులకు తప్ప లోకమంతటికీ తెలుసు. తెలిసినందుకే సావిత్రి పీటల మీద కూర్చుని లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంటే రేలంగి మొహం చూసి జనం పడిపడి నవ్వారు, ఇంకా నవ్వుతున్నారు. అంతకంటే పెద్ద పొరపాటు శశిరేఖ తల్లి రేవతి దగ్గర జరిగింది. చిన్నప్పుడు మేనల్లుడికి ఇస్తామన్న పిల్లను, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే ఇవ్వనంటుంది. దుర్మార్గురాలా? ఏమీ లేనివాళ్ల ఇంటికి పిల్లనిమ్మంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? పింగళి నాగేంద్రరావు ఆ తల్లి మనసును వదిలేయలేదు, అక్కడే కథ బతికిపోయింది. పాండవుల్ని ఒక్క ఫ్రేములో కూడా చూపించకపోయినా ఎవరూ పట్టించుకోలేదు. దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే, 2022 అక్టోబరులో మన మొయినాబాద్ మండలంలోనే అజీజ్‌నగర్‌లోని ఒక ఫామ్‌హౌస్‌లో ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణ కేసు గుర్తు చేసుకోండి. రహస్య కెమెరాలు, కోట్ల మాటలు, పోలీసుల ప్రవేశం, ఏ థ్రిల్లర్‌కూ తీసిపోని సరంజామా. టీవీలు రోజుల తరబడి నడిపాయి. అయినా ఇవాళ దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఏం జరిగిందన్నదే మనం విన్నాం, ఏ మనిషి లోపల ఏం నలిగిందో ఎవరూ చూపలేదు.

పాత్రల విషయంలో చిలుకూరు బాలాజీ గుడికి దూరంగా ఉండమని సలహా. మన ఫామ్‌హౌస్‌కు పెద్ద దూరమేం కాదు గనక టెంప్ట్ అవుతారు. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. వెళ్లిన మనిషి కోరికేమిటో వాడి నడకలోనే తెలుస్తుంది, కోరిక తీరాక బాకీ కట్టాల్సి రావడమూ తెలుస్తుంది. పాత్ర అంటే ఇంతకుమించి లేదు: ఏం కావాలి, దానికి ఏం చెల్లిస్తాడు. మీ హీరోకు రెండూ ఉండకూడదు. అతనికి ఏదీ అక్కర్లేదు, అన్నీ వచ్చు, ఎవరికీ బాకీ లేడు. అతను కారు దిగడం స్లో మోషన్‌లో చూపించి, చుట్టూ ఉన్నవాళ్ల చేత అతని గురించి చెప్పించండి. 2006లో ‘బొమ్మరిల్లు’ భాస్కర్ దీనికి పూర్తిగా విరుద్ధంగా పోయాడు. కొడుక్కి చొక్కా దగ్గర్నుంచి పెళ్లికూతురి దాకా అన్నీ తనే ఎంచిపెట్టే తండ్రిని పెట్టి, ఆ తండ్రికి ప్రేమ తప్ప వేరే దోషం లేకుండా చేశాడు. ప్రకాష్‌రాజ్‌ను చూసి కోపం రావాల్సిన చోట జాలేసింది. ఇంటికెళ్లి తండ్రులు ఆలోచనలో పడ్డారు. ఇది వినోదమా?

ఇక్కడ అనుభవజ్ఞులు అడ్డుపడతారు: ‘ఈ నీతులన్నీ చిన్న సినిమాలకి. మాస్ ప్రేక్షకుడికి ఫైటు కావాలి, స్టార్ కావాలి, గ్రాఫిక్స్ కావాలి.’ వాళ్ల మాటలో నిజముంది. స్టార్ ఉంటే శుక్రవారం హాలు నిండుతుంది, అది చిన్న సంగతి కాదు. తెలుగు సినిమాకు ఇంత మార్కెట్ వచ్చిందే ఆ శుక్రవారాల వల్ల. సోమవారం హాలు నిండేది మాత్రం స్టార్ వల్ల కాదు. ‘బాహుబలి’ని తీసుకోండి. 2015 జులైలో జలపాతం చూశాం, యుద్ధం చూశాం. 2017 ఏప్రిల్ దాకా దేశం మొత్తం మోసింది మాత్రం ఒకే ప్రశ్నని, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. అది గ్రాఫిక్స్ గురించి కాదు, సింహాసనానికి ఇచ్చిన మాటకూ పెంచిన ప్రేమకూ మధ్య నలిగిన ఒక బానిస గురించి. అంతకు ముందు 1951లో ‘పాతాళ భైరవి’. అందులో మాంత్రికుడు పచ్చి దుర్మార్గుడే, ఒప్పుకుంటాను. అయితే తోటరాముణ్ణి అతని గుప్పిట్లో పడేసింది ఎవరు? తోటమాలి కొడుక్కి పిల్లనివ్వాలంటే నాతో సమానమైన సంపద తెమ్మన్న రాజు. పిల్లను కన్న ఏ తండ్రైనా అడిగే మాటే అది. స్టార్ లేకపోతే ఎలా అనేవాళ్లకు 1980 ఫిబ్రవరిలో వచ్చిన ‘శంకరాభరణం’ చాలు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసే నడివయసు సోమయాజులును హీరోగా పెట్టి, ఫైటు లేకుండా, కర్ణాటక సంగీతం మీద విశ్వనాథ్ సినిమా తీశాడు. ఇప్పుడెవరైనా ఆ లైన్ చెబితే ఫామ్‌హౌస్ కాపలావాడు కూడా లోపలికి రానివ్వడు.

నేను చెప్పిన దాంట్లో ఒక లొసుగు ఉందని మీరు అనొచ్చు. విలన్ ఉన్నా ఆడినవి ఎన్నో ఉన్నాయి, రెండు వైపులా న్యాయం పెట్టినా మూడో రోజే వెళ్లిపోయినవీ ఉన్నాయి. నిజమే. న్యాయం రెండు వైపులా పెట్టినంత మాత్రాన సినిమా ఆడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, విడుదల తేదీ, పరీక్షలు, వానలు, పక్క హాల్లో ఏముంది, ఇవన్నీ కలిసొస్తేనే ఏదైనా ఆడేది. కానీ మన పని ఆడించడం కాదు, చంపడం. ఆ పనికి మాత్రం ఎదుటివాడి న్యాయాన్ని తీసేయడం దాదాపు అమోఘంగా పనిచేస్తుంది. ‘బలగం’ తర్వాత చాలామందికి ఇంకో అడ్డదారి దొరికింది: యాస పెట్టు, చావు పెట్టు, కల్లు పెట్టు, నేటివిటీ వచ్చేస్తుంది. ఇది కూడా మంచి పద్ధతే. యాస తెచ్చి, ఆ యాస మాట్లాడే మనిషి పట్టింపును వదిలేస్తే, కథ పోయిన సంగతి ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంతా చదివి ఇంకా మంచి సినిమానే తీస్తానంటే మీ ఇష్టం. ఫామ్‌హౌస్ ఖాళీ చేసి, హిమాయత్‌నగర్‌లో టీ కొట్టు దగ్గర ఆగి, భూమి అమ్ముతానన్న కొడుకుతో ఒక గంట, అమ్మనన్న తండ్రితో ఒక గంట మాట్లాడండి. ఇద్దరి మాటా మీ చేత్తో రాయండి, చదివినవాడికి ఇద్దరూ రైటే అనిపించేలా. అది చేతకాకపోతే సినిమా మానేసి ఆ డబ్బుతో అక్కడే ఒక ప్లాటు చూసుకోండి. జీవో సంగతి మాత్రం కొనేముందు లాయర్ని అడగండి.